టాపేశ్వర్రావు గారు

మిషిగన్‌లో మా కాలనీ తెలుగువాళ్లం ఆయన్ని చాటుగా అలాగే పిలుస్తాం. ఆయన గరాజులో 1972 డాడ్జ్ డార్ట్ వెచ్చగా పడుకుంటుంది. రోజూ ఆఫీసుకు తీసుకెళ్లే టయోటా బయట మంచులో నానుతుంది. టీకి పిలిస్తే ముందు గరాజు చూపిస్తారు. టీ అయ్యాక కూడా గరాజే.

అరవైల్లో, డెబ్బైల్లో ఇక్కడ వినైల్ టాపు పెద్ద ఫ్యాషను. గుడ్డ టాపు మడిచే కన్వర్టిబుల్ కొనలేనివాడు, రేకు టాపుకే వినైల్ తొడిగించి ఆ సోకు తీర్చుకునేవాడు. ప్లిమత్ వాళ్లు 1969లో పూలపూల టాపు కూడా అమ్మారు. ఫొటో చూశాను, అచ్చం మన డైనింగ్ టేబుల్ షీటే!

టాపేశ్వర్రావు గారు తన డార్ట్‌కి మళ్లీ వినైల్ టాపు వేస్తానన్నారు.

"కింద నీళ్లు చేరి రేకు తుప్పు పట్టిందనే కదా పాతది పీకించారు! మళ్లీ అదేనా? పైన పటారం, లోన లొటారం" అన్నారు వాళ్లావిడ, మా ఆంటీ.

"ఒరిజినల్ ఒరిజినలే" అన్నారాయన.

జూలైలో ఓ శనివారం పెసరట్టు ఉందని నన్నూ, మా రూమ్మేట్‌నీ పిలిచారు. వెళ్లగానే ప్లేట్లకు బదులు గ్లౌజులిచ్చారు. మడతలు పోవాలని వినైల్‌ను పొద్దున్నే ఎండలో పరిచారు, ఆంటీ వడియాలు పెట్టుకుంటానన్న చోటే. అద్దాల చుట్టూ మెరుపు పట్టీలు ఊడదీసి, క్లిప్పులన్నీ ఆవకాయ సీసాలో వేశారు. టాపుకీ, షీటు వెనకా జిగురు పూశాం.

"ఆగండాగండి! వేలికి అంటీ ముట్టనట్టుండాలి, పెళ్లయ్యాక వియ్యంకుడిలా" అంటూ ఐదు నిమిషాలకోసారి వేలు పెట్టి చూశారు. మేం చెరో కొసా పట్టుకుని, పెళ్లిలో అడ్డుతెర పట్టినట్టు నిలబడ్డాం. రేకు మీద సుద్దతో గీసిన మధ్యగీతకు షీటు గీత కలవాలి. ఒకసారి అంటుకుందా, ఇక కదలదు.

"ఊఁ, దించండి!" అన్నారు, ముహూర్తం మించిపోతున్న పురోహితుడిలా. సరిగ్గా అప్పుడే మా రూమ్మేట్‌కి తుమ్మొచ్చింది.

మధ్య నుంచి అంచులకు అరచేత్తో ఒత్తుకుంటూ, హీట్ గన్‌తో మూలలు సాగదీస్తూ సాయంత్రం దాకా కుస్తీపట్టాం. పెసరట్లు నాలుగింటికి వచ్చాయి, చల్లగా. అప్పటికి అవి కూడా ఆ షీటులాగే సాగుతున్నాయి.

ఆగస్టులో డెట్రాయిట్ దగ్గర వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది. ఆయనా వస్తారు. చూడ్డానికి వెళ్తే దయచేసి కారుకి ఎడమవైపే నిలబడండి. కుడివైపు వెనక మూల, ఆ తుమ్ము అలాగే ఉంది.