కథ వద్దు, డోలు పంపండి

మన సంస్కృతికి వచ్చిన లోటేమీ లేదు. మంత్రిగారు కారు దిగితే ఒగ్గుడోలు. షాపింగ్ మాల్ రిబ్బను కత్తిరిస్తే ఒగ్గుడోలు. అమెరికా అల్లుడు ఫంక్షన్ హాల్లో కాలు పెడితే ఒగ్గుడోలు. గొంగడి, గజ్జెలు, గాల్లో బండారి, పైన డ్రోన్ కెమెరా. అస్తిత్వం ఇంతకంటే ఎంత కావాలి, ఏ సైజులో కావాలి?

ఒక్కటే చిక్కు. ఆ డోలు వెనకాల కథ అని ఒకటుంది. అది బాగా పొడుగు. కురుమల ఒగ్గు పూజారి మల్లన్న కథో బీరప్ప కథో ఎత్తుకుంటే తెల్లారాల్సిందే. ఇప్పుడే మల్లన్న అయినవాడు కొంగు నెత్తినేసుకుని మరుక్షణం మల్లన్న భార్య బలిజ మేడలమ్మ అవుతాడు. పక్కన వంతపాడేవాడు ఊఁ కొడుతూ కొడుతూ ముందు వరసలో కూర్చున్న సర్పంచి మీద చిన్న చురక వేస్తాడు. అసలు గొడవంతా ఆ చురకతోనే. ముందే రాయించుకుని సంతకం పెట్టే వీల్లేదు దానికి. అందుకని తెలివైన నిర్వాహకులు కథ తీసేసి చప్పుడు ఉంచుకున్నారు. చప్పుడుకు అభిప్రాయాలుండవు.

పాత సర్కార్లకు ఈ తెలివి లేకపోయింది. 1940లలో కమ్యూనిస్టుల ప్రజానాట్యమండలి బుర్రకథను చేతబడితే అటు మద్రాసు ప్రభుత్వం, ఇటు నిజాం ప్రభుత్వం నిషేధించాయి. పాపం, అమాయకులు! నిషేధిస్తే జనం ఇంకా ఎగబడి వింటారని తెలియదు. ఇప్పుడైతే పిలుస్తారు, శాలువా కప్పుతారు, పథకం పేరు చేతిలో పెట్టి పది నిమిషాల్లో ముగించమంటారు. బుర్రకథకుడు షేక్ నాజర్ బెంగాల్ కరువును జనం కళ్లకు కట్టిన ఆ తంబురా మీదే ఇప్పుడు మరుగుదొడ్ల వాడకం, ఓటర్ల నమోదు. తందాన మాత్రం మారలేదు.

2023లో ‘బలగం’ సినిమా వచ్చింది. ఊళ్లకు ఊళ్లు తెరలు కట్టుకుని చూశాయి. చివర్లో బుడగ జంగాల కళాకారులు కొమురమ్మ, మొగిలయ్య పాడుతుంటే ఏడవనివాడు లేడు. మంచిదే. అలా ఏడ్చి, ముక్కు తుడుచుకుని ఇంటికొస్తే గడప ముందు ఇంకో జంగమాయన నిలబడి ఉంటాడు. “చిల్లర లేదు, ముందుకెళ్లు” అంటాం. తెర మీదైతే కళ, గడప ముందైతే అడుక్కోవడం. మూత్రపిండాల జబ్బుతో తీసుకుని తీసుకుని మొగిలయ్య 2024 డిసెంబరులో పోయారు. ఫోన్లలో ఏడుపు బొమ్మలకు మాత్రం ఆ రోజు కొదవ లేదు.

ఇక వేదికల మీద పెద్దమనుషుల బెంగ ఒకటి: “కళాకారుల పిల్లలు ఈ విద్య నేర్చుకోవడం లేదండీ!” తమ పిల్లలు ఏం నేర్చుకుంటున్నారో అడగకండి. కీబోర్డు, కోడింగు, మహా అయితే కూచిపూడి. ఒగ్గు నేర్పిద్దామని కొడుకును మల్లన్న కొలువైన కొమురవెల్లి పంపిన కలెక్టరు ఎవరైనా ఉంటే చెప్పండి, శాలువా నేనే కొంటాను. మోసే పని ఆ కళాకారుల కులాలది, గర్వపడే హక్కు అందరిదీ. పంపకం బాగుంది.

అయ్యా, అమ్మా! ఈసారి పెళ్లికి డోలు మాట్లాడుకునేటప్పుడు ఒక రాత్రి కథ కూడా మాట్లాడుకోండి. కేటరింగ్ వాళ్లకిచ్చినట్టే బయానా ముందే ఇవ్వండి. కథ మధ్యలో ఎవరూ మైకు లాక్కోకుండా చూడండి.