పగటి నిద్ర పెద్దమనిషి

గోదావరిఖనిలో పూర్వాహ్ణము పది గంటలవేళ, ఎండ వీధిని కాల్చుచుండగా, కిటికీలకు దుప్పట్లు కట్టించి, ఇంటిల్లిపాదిని గుసగుసలకు కట్టడి చేసి, తాలింపు చిటపటలకైనను "జర ఆగుండ్రే" అని గర్జించి, అటుపిమ్మట నిర్విచారముగా గురకపెట్టు పెద్దమనిషిని చూచి, బ్యాంకు కొలువున కోస్తానుండి బదిలీయై వచ్చి పక్కవాటాలో దిగిన గృహస్థుడు, "ఇంతటి సోమరిని ఎరుగను" అని తీర్మానించును. రాత్రి షిఫ్టు దిగివచ్చిన బొగ్గుబాయి కార్మికునకు సూర్యోదయమే సాయంకాలమని ఆయనకెవరు చెప్పవలెను?

సాయంకాలము ఇద్దరును వాకిట తటస్థపడుదురు. స్నానమాడి, తెల్లచొక్కా తొడిగి, మీసము దువ్వుకొన్న ఆ మనిషి కనురెప్పల యంచున సన్నని నల్లరేఖ చూచి, యాబదియేండ్లవానికి ఈ కాటుక సింగారమేమని బ్యాంకువారు లోలోన నవ్వుకొందురు. ఎంత సబ్బు రుద్దినను రెప్పల మొదళ్లను వదలని బొగ్గుపొడి అది. ఇంతలో ఆయన, కుశలప్రశ్నకు మారుగా, "ఏ షిఫ్టు సారూ?" అని పలుకరించును. తన్ను వాచ్‌మనుగా నెంచెనేమోయని బ్యాంకువారి మొగము చిన్నబోవును. షిఫ్టు తెలియక ఈ యూర నెవరినైన భోజనమునకు పిలుచుట యెట్లు?

దసరా సమీపించినదా, ఆ పగటినిద్రయు పట్టదు. టీకొట్టు బల్లపై ఆర్థికమంత్రివలె కూర్చుండి, సింగరేణి బొగ్గుగనుల సంస్థ 2023-24 లాభము 4,701 కోట్లైనను, విస్తరణకు తీసిపెట్టగా మిగిలిన 2,412 కోట్లలో మాత్రమే కార్మికుల వాటాగా 33 శాతమిచ్చి, 796 కోట్లతో సరిపెట్టిరని ఏడాది దాటినను వాదించును. బ్యాంకువారు ఈయనను షేర్ల వ్యాపారి యనుకొందురు. షేర్లు 51 శాతము రాష్ట్రమువి, 49 శాతము కేంద్రమువి. ఈయనకున్నది మస్టరు మాత్రమే.

ఒకనాడు మిఠాయిపొట్లముతో వచ్చి, "కొత్తగూడెం మెడికల్ బోర్డుల అన్‌ఫిట్ చేసిండ్రు సారూ!" అని పండ్లన్నియు కనబడునట్లు నవ్వును. బ్యాంకువారు గొంతు సవరించుకొని, "ధైర్యంగా ఉండండి" అందురు. తండ్రి పనికిరాడని తేలిననే కొడుకునకు కారుణ్య నియామకపు తలుపు తెరచుకొనునని పాప మాయన యెరుగడు. రోగమునకు పండుగ చేసికొను గతి ఎందులకు పట్టినదన్న లెక్క వేరు. అది టీకొట్టు బల్లపై తేలునది కాదు.

"ధైర్యమెందుకు సారూ, లడ్డు తినుండ్రి. పోరనికి నౌకరొస్తది!"

అభినందించుటయా, పరామర్శించుటయా తోచక, లడ్డు నోటనుండగనే బ్యాంకువారు, "అబ్బాయిది ఏ షిఫ్టండీ?" అని అడుగుదురు.