ఆరు నిమిషాల బాబాయి

మా చిన్నప్పుడు వేసవి సెలవుల్లో పిల్లలందరం చందమామ కోసం కొట్టుకుంటుంటే, బాబాయి అరుగు మీద పడక్కుర్చీలో వాలి దక్షిణ మధ్య రైల్వే టైంటేబుల్ చదువుకునేవాడు. మధ్యమధ్య తనలో తను నవ్వుకునేవాడు కూడా. ఏముందా అని ఒకసారి తొంగి చూశాను. "ఈ ప్యాసింజరు చూశావురా, సామర్లకోటలో నలభై నిమిషాలు పడుకుంటుంది. ఆ కాకినాడ బండేమో ఇది రావడానికి మూడు నిమిషాల ముందే లేచిపోతుంది. వీళ్ళిద్దరికీ మాటల్లేవన్నమాట" అన్నాడు, పక్కింటి అత్తాకోడళ్ళ సంగతి చెప్పినట్టు.

ట్రెజరీలో ముప్ఫై నాలుగేళ్ళు చేసి రిటైరయ్యాక ఆ మనిషికి ఒక సంగతి తెలిసింది. స్విట్జర్లాండులో 1982 నుంచీ రైళ్ళు గంటగంటకూ అదే నిమిషానికి బయల్దేరేలా పట్టిక కట్టారట. ఒక బండి వచ్చి ఆగేసరికి దాని కోసం ఇంకో బండీ, దాని కోసం ఓ పసుప్పచ్చ బస్సూ, దాని కోసం ఓ పడవా కాచుకుని ఉంటాయట. బాబాయి మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నాలుగో రోజు పిన్నిని పిలిచి, ఆరు రోజులు, ఒక్కణ్ణే, ట్యాక్సీ అన్నది ఎక్కకుండా ఆ దేశం తిరిగొస్తానని ప్రకటించాడు.

"పిన్నిని తీసుకెళ్ళవా?" అన్నాను.

పిన్నే అడ్డొచ్చింది. "మీ బాబాయితో అరకు వెళ్ళొచ్చాక నాకు లోకం చూడాలన్న కోరిక చచ్చిపోయింది నాయనా. సొరంగాలు లెక్కపెట్టమని కాగితం, పెన్సిలు చేతికిచ్చి కూర్చోబెట్టారు. బొర్రా గుహలు చూశానో లేదో నాకిప్పటికీ గుర్తులేదు."

ప్యాకేజీ టూరు ఎత్తితే బాబాయికి ఒళ్ళు మండుతుంది. జెండా పట్టుకున్న కుర్రాడి వెనకాల మందలా నడవడానికీ, ఆల్ప్స్ కొండల్లో సాంబారు తినడానికీ అంత దూరం వెళ్ళాలా అంటాడు. (పెట్టెలో కందిపొడి, అటుకులు, బుల్లి కుక్కరు వేరే సంగతి.) ఇలాంటివాళ్ళు ఇప్పుడు ఊరికో నలుగురు తయారయ్యారు. లూసెర్న్‌లో పడవ ఏ రేవు నించి బయల్దేరుతుందో నిద్రలో అడిగినా చెబుతారు. సొంత ఊళ్ళో బస్సెక్కి పదేళ్ళయి ఉంటుంది. మా బాబాయి రాజమండ్రిలో గోకవరం బస్టాండు దాకా కూడా ఆటోలోనే వెళ్తాడు.

ఒంటరి ప్రయాణమన్న మాటే గానీ, మా బంధువర్గంలో దానికి చాకిరీ చేయనివాడు లేడు. బెంగళూరు అల్లుడు కాగితాలు ప్రింటు తీసి కొరియర్ చేశాడు. నేను యూరోలూ ఫ్రాంకులూ రూపాయల్లోకి మార్చి రోజూ చెప్పాలి. షెంజెన్ వీసాకి ముప్ఫై వేల యూరోలకి తగ్గని బీమా, రానూపోనూ టికెట్టు, హోటలు కాగితాలు, బ్యాంకు లెక్కలు కావాలి, ఇవన్నీ ఎవరైనా ఏడుస్తూ చేసేవే. వాటితోపాటు రోజువారీ ప్రయాణ వివరం కూడా అడుగుతారని తెలిసి బాబాయి పొంగిపోయాడు. తన జన్మలో ఒక ప్రభుత్వం తన ప్లాను చూపించమని అడగడం అదే మొదలు. పంతొమ్మిది పేజీలు తయారుచేశాడు. ప్రతి రైలుకీ ఎదురుగా 'ఒకవేళ' అని ఒక గడి. ఒకవేళ ఇది లేటైతే, ఒకవేళ అది తప్పిపోతే, ఒకవేళ రెండూ జరిగితే. హైదరాబాదులో కౌంటరు దగ్గరి అమ్మాయి "సార్, ఒక పేజీ చాలు" అంటే, "ఉంచమ్మా, తీరిగ్గా చదువుకోండి" అని మొత్తం కట్ట లోపలికి తోసి వచ్చాడు.

ఒకరోజు రాత్రి పదకొండున్నరకి ఫోను. ఎవరికేమయిందోనని గుండె గుభేలుమంది. "ఒరే, చూర్ నించి ఇటలీలో తిరానో దాకా పోయే గాజు రైలుంది చూడు, బెర్నీనా. దానికి దేశమంతా తిరిగే రైలు పాసున్నా సీటుకి వేరే డబ్బు కట్టాలి. కానీ అవే పట్టాల మీద మామూలు ఎర్ర బండ్లు కూడా నడుస్తాయిరా! సీటుకి పైసా లేదు, పైగా కిటికీ తెరుచుకుంటుంది! అవే 55 సొరంగాలు, అవే 196 వంతెనలు!" న్యూటను కళ్ళముందు ఆపిల్ పడ్డప్పుడు కూడా ఎవరికీ ఫోను చేసి నిద్ర లేపలేదు. వెనక నించి పిన్ని, "ఆ సొరంగాలు మీరే లెక్కపెట్టుకోండి" అంటోంది.

యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ మాత్రం కొట్టేశాడు. 3,454 మీటర్ల ఎత్తయితే అవనీ, పాసు మీద అక్కడ తగ్గింపే తప్ప ఉచితం లేదు. "ఆ పైన ఉండేది మంచేగా, మనింట్లో ఫ్రిజ్ తలుపు తీస్తే ఉండేదీ అదే" అని తేల్చేశాడు. బదులుగా రీగీ కొండ. 1871లో యూరప్ మొత్తానికీ మొదటి కొండరైలు పడింది దాని మీదే, పైగా పాసులో పూర్తిగా చెల్లు. చరిత్రా పొదుపూ ఒకేచోట దొరికితే బాబాయిని పట్టేదెవరు?

అన్నీ కుదిరాయి గానీ, జ్యూరిక్‌లో ఒకచోట ఆరు నిమిషాల్లో బండి మారాలి. అది ఆయన్ని తొలిచేసింది. దాంతో ఒక ఆదివారం పొద్దున్నే ఆరింటికి రాజమండ్రి స్టేషన్లో రిహార్సల్ పెట్టాడు. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద దిగినట్టు, మూడో నంబరులో ఎక్కినట్టు. పెట్టెలో బట్టలింకా సర్దలేదు గనక బరువు కోసం రుబ్బురోలు పొత్రం పెట్టాడు. నాకు స్టాపువాచీ. మూడో నంబరులో టీకొట్టు పక్కన పిన్నిని నిలబెట్టాడు, ఆవిడే చూర్ రైలు. "సరిగ్గా ఆరు నిమిషాలకి కదిలిపో. నన్ను చూసి జాలిపడి ఒక్క క్షణం కూడా ఆగొద్దు" అని గట్టిగా చెప్పాడు. ముగ్గురికీ ప్లాట్‌ఫారం టికెట్లు కూడా కొన్నాడు. ట్రెజరీ మనిషి మరి.

నేను ఈల వేశాను. బాబాయి పొత్రంతో సహా మెట్లెక్కాడు. వంతెన నడిమధ్యలో, తిరుపతి నించి దిగిన గుండ్ల గుంపు ఎదురైంది. వాళ్ళని దాటుకుని వస్తుంటే ఆయన పాత ఆఫీసు కొలీగొకాయన ఆపి, "ఏమండోయ్, ఎక్కడికీ ప్రయాణం?" అన్నాడు. బయల్దేరుతుంటే 'ఎక్కడికి' అన్న మాట వినపడింది, శకునం చెడింది. అది చాలదన్నట్టు, అడిగాక జవాబు చెప్పకుండా ఎలా వెళ్తాం? బాబాయి పెట్టె దించి, స్విట్జర్లాండు సంగతంతా చెప్పి, పాసు ఎన్ని రోజులదో చెప్పి, ఎర్ర బండి రహస్యం కూడా విప్పాడు. మూడో నంబరుకి చేరేసరికి ఎనిమిది నిమిషాల నలభై సెకండ్లు.

అక్కడ పిన్ని లేదు. ఫ్లాస్కు లేదు, ఇడ్లీ క్యారియరూ లేదు. టీకొట్టు కుర్రాడు, "అమ్మగారు ఆటో ఎక్కి వెళ్ళిపోయారండీ" అన్నాడు.

"మీరేగా జాలిపడొద్దన్నారు" అంది పిన్ని ఇంటికొచ్చాక, పచ్చడి వడ్డిస్తూ.

పై ఆదివారం మళ్ళీ పెట్టాడు. ఈసారి ఐదు నిమిషాల యాభై సెకండ్లకే రొప్పుతూ చేరాడు గానీ రైలే రాలేదు. మోకాళ్ళ నొప్పి వల్ల రద్దయిందని ఇంటి నించి కబురు వచ్చింది.

సెప్టెంబరులో వెళ్ళాడు, వచ్చాడు. ఎదురెళ్ళి చూస్తే మొహం వాడిపోయి ఉంది. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాం. కాదు. ఆరు రోజుల్లో ఒక్క రైలు తప్పిపోలేదు. ఒక్కటంటే ఒక్కటి రెండు నిమిషాలు ఆలస్యంగా వస్తే, ఆశగా 'ఒకవేళ' గడి తెరిచాడట. పక్క ప్లాట్‌ఫారంలో మారాల్సిన బండి ఈయన కోసం తలుపులు తెరుచుకుని నిలబడే ఉందట. "పైగా వాళ్ళ లెక్కలో మూడు నిమిషాల లోపు అసలు లేటే కాదటరా!" అన్నాడు, మోసపోయినవాడిలా. ఆ ప్రయాణమంతా మగపెళ్ళివారు అలగని పెళ్ళిలా చప్పగా జరిగిపోయింది.

"గేట్లు లేవు. పాసు చేత్తో పట్టుకుని కూర్చుంటే చాలాసేపు అడిగినవాడే లేడు. చివరికి నేనే లేచెళ్ళి ఆ టీసీకి చూపించొచ్చాను." కాస్త నచ్చిందల్లా స్టేషన్ గడియారం. 1944లో హాన్స్ హిల్ఫికర్ అనే ఇంజనీరు చేసిన నమూనా అది. తరవాత చేరిన ఎర్ర సెకండ్ల ముల్లు పన్నెండు దగ్గరికి చేరగానే చిన్న ఊపిరి పీల్చుకుని, నిమిషం ముల్లు గంతేశాక మళ్ళీ బయల్దేరుతుంది. "ఆ దేశంలో ఆగేది అదొక్కటేరా" అన్నాడు.

"మరి కొండలెలా ఉన్నాయి బాబాయ్?"

"ఉన్నాయి. అవెక్కడికి పోతాయి?"

రెండు నెలలు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. పంతొమ్మిది పేజీలూ బీరువా అడుగున పడేశాడు. మొన్న రాత్రి మళ్ళీ పదకొండున్నరకి ఫోను మోగింది.

"ఒరే, జర్మనీలో 2024లో దూరం బండ్లు నూటికి 62 మాత్రమే టైముకి వచ్చాయట! అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని లేటు కింద లెక్కెయ్యకుండా!" రెండు నెలలుగా వినని హుషారు ఆ గొంతులో. "ఒక్కో బండికి మూడేసి 'ఒకవేళ'లు పెట్టాల్సి వస్తుందిరా, గడులు చాలేలా లేవు."

"ముందే చెబుతున్నాను, ఈసారి నేను రైలునవను" అని వెనక నించి పిన్ని.

"అవ్వవే, నీకేం కష్టం," అన్నాడు బాబాయి లాలనగా, "ఈసారి ఎంత ఆలస్యంగా వచ్చినా పర్లేదు."