ఆవకాయ రెండు మీటర్లు

"బాబూ, మనం ఆవకాయ మీటర్ల లెక్కన అమ్ముతున్నామా?"

పొద్దున్న ఏడింటికి, నోట్లో బ్రష్షు ఉండగా వచ్చిన ఫోను. లేదండీ అన్నాను. "మరి రాత్రి తీసిన బిల్లుల్లో 'ఆవకాయ, 2 మీటర్లు' అని పడిందేం? కొన్నాయన ఫోన్ చేసి, జాడీ పంపుతున్నారా, తాను పంపుతున్నారా అని అడుగుతున్నాడు" అన్నారు పిన్నిగారు.

ఆవిడ మాకు చుట్టమేం కాదు. పచ్చళ్ళ కొట్టు నడుపుతారు. పక్కనే వాళ్ళాయనది బట్టల కొట్టు. రెంటికీ కలిపి పీహెచ్‌పీలో ఒక వెబ్‌సైటు రాసిపెట్టిన పుణ్యాత్ముణ్ణి నేను. 'దుకాణం' అని ఒక తండ్రి క్లాసు, దానికి ఇద్దరు పిల్లలు: పచ్చళ్ళ దుకాణం, బట్టల దుకాణం. బిల్లు కొట్టడం, పన్ను లెక్క, చిరునామా అన్నీ తండ్రి దగ్గరే. 'కొలత' అనే ప్రాపర్టీని కూడా తండ్రిలోనే పెట్టి, దాని ముందు స్టాటిక్ అని తగిలించాను. పచ్చళ్ళ దుకాణం పుట్టగానే అందులో 'కేజీ' అని రాసుకుంటుంది, బట్టల దుకాణం పుట్టగానే 'మీటరు' అని రాసుకుంటుంది. ఎవరిది వాళ్ళకి. నేనలాగే అనుకున్నాను.

స్టాటిక్ ప్రాపర్టీ అనే మాటని ఒక్కసారి తెలుగులోకి తెచ్చి చూడండి. స్థిరాస్తి! ఇన్‌హెరిటెన్స్ అంటే ఎటూ వారసత్వమే. ఈ రెండు మాటలూ ఒకే వాక్యంలో పడ్డాక మా వైపు మూడో మాట వకీలు. ఇంగ్లీషులో చదువుకున్నాను కాబట్టి నాకు వకీలు గుర్తుకు రాలేదు.

మామూలు ప్రాపర్టీ చరాస్తి లాంటిది. ఏ ఆబ్జెక్టు చెంబు ఆ ఆబ్జెక్టు దగ్గరే ఉంటుంది. స్టాటిక్ అలా కాదు, అది క్లాసుది. పిల్ల క్లాసు దాన్ని మళ్ళీ తన పేరున ప్రకటించుకోకపోతే, దానికి దక్కేది నకలు కాదు, ఆ ఉమ్మడి పొలమే. పిల్ల పేరుతో పిలిచినా తండ్రి పేరుతో పిలిచినా పలికేది ఒక్కటే గట్టు.

మా తాతగారి ఐదెకరాల సంగతి ఇంతే. ముగ్గురు కొడుకులు, పట్టాదారు పాసుపుస్తకం ఒక్కటి, అందులో పేరు తాతగారిది. ఒక ఏడాది నాన్న మినుములు చల్లించి ఊరెళ్ళారు. మరుసటి వారం పెదనాన్న ట్రాక్టరు తోలించి మిరపనారు పెట్టించారు. నాన్న తిరిగొచ్చి చూస్తే మినుములు లేవు. ఎవరూ ఎవర్నీ మోసం చెయ్యలేదు, ఎవరికి వాళ్ళు తమ పొలమే దున్నుకున్నారు. చివర దున్నినవాడి పంట నిలిచింది. నా కోడ్‌లోనూ పచ్చళ్ళ దుకాణం ముందు పుట్టి 'కేజీ' అని రాసింది, బట్టల దుకాణం తరవాత పుట్టి అదే గట్టున 'మీటరు' అని రాసింది. బిల్లు కొట్టే వేళకి ఆవకాయకి దొరికింది మీటరే.

మరి ఇన్నాళ్ళూ ఎలా నడిచిందంటారా? పీహెచ్‌పీ మామూలుగా నడిచే పద్ధతిలో పేజీ కోసం ఎవరైనా అడిగినప్పుడల్లా ప్రపంచం కొత్తగా పుడుతుంది, పేజీ పంపేశాక స్టాటిక్‌తో సహా అంతా పోతుంది. పచ్చళ్ళ పేజీలో పచ్చళ్ళ దుకాణం ఒక్కటే పుడుతుంది, తగువుకి రెండోవాడే లేడు. ఆ ముందు రోజే పిన్నిగారు "రెండు కొట్ల బిల్లులూ ఒకే కాగితం మీద రావాలి" అన్నారు. అన్నదమ్ములు ఒకే పందిట్లో కూచున్నారు, పొలం గుర్తొచ్చింది. (ప్రోగ్రాము చావకుండా సర్వర్లో అలాగే కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ వడ్డించే ఏర్పాట్లు కూడా ఉన్నాయి. అక్కడ స్టాటిక్‌లో ఏమన్నా వదిలేస్తే ఒక గిరాకీ సంగతి ఇంకో గిరాకీకి కనిపించగలదు. అది హాస్య వ్యాసానికి పనికొచ్చే విషయం కాదు.)

నేను కంగారులో చేసిన మొదటి వైద్యం, పుట్టే వరస మార్చడం. ఆవకాయ కేజీల్లోకి వచ్చింది. అరగంటలో ఈసారి వాళ్ళాయన ఫోను: "ఏమయ్యా, జాకెట్టు గుడ్డ ఒక కేజీ అని పడిందే. తూకం వేసి అమ్మడానికి నాది పాత పేపర్ల కొట్టనుకున్నావా?"

అప్పుడు కూలబడి ఆలోచించి, పిల్లలిద్దరిలోనూ 'కొలత'ని విడివిడిగా ప్రకటించాను. పంపకాలు అయిపోయాయి, ఎవరి వాటా వాళ్ళకి రిజిస్టరైంది. బిల్లు తీస్తే 'ఆవకాయ, 2'. రెండు ఏమిటి? ఏమీ లేదు, ఖాళీ. గుడ్డకీ ఖాళీయే.

ఇక్కడే ఉంది అసలు మెలిక. బిల్లు కొట్టే ఫంక్షను తండ్రి క్లాసులో ఉంది. అందులో కొలతని 'సెల్ఫ్' అని అడిగాను. సెల్ఫ్ అంటే నేనే కదా, పిలిచినవాడే కదా అని ఎవరైనా అనుకుంటారు. పీహెచ్‌పీలో సెల్ఫ్ అంటే ఆ ఫంక్షను ఎవరింట్లో రాసి ఉందో వాళ్ళు. కొడుకు పిలిచినా, మనవడు పిలిచినా, ఆ మాట తాతగారి పెట్టే తెరిచి చూస్తుంది. ఆ పెట్టెలో ఇప్పుడేముంది, అందరూ పంచుకుపోయాక? సెల్ఫ్ తీసి 'స్టాటిక్' అని రాస్తే పిలిచినవాడి పెట్టె తెరుస్తుంది. ఈ సౌకర్యం 2009లో 5.3 వెర్షన్‌తో వచ్చింది. దాన్ని లేట్ స్టాటిక్ బైండింగ్ అంటారు. ఆస్తికీ స్టాటిక్ అన్న పేరే, ఆస్తి ఎవరిదో తేల్చే మాటకీ ఆ పేరే. స్టాటిక్ అన్న ఒక్క మాటతో రెండు కాపురాలు నడిపిస్తున్న ఈ భాషని తిట్టడానికి నాకు హక్కుందని నా అభిప్రాయం.

సెల్ఫ్, స్టాటిక్ అనే ఈ మాటల తరవాత నాలుగు చుక్కలు పెట్టాలి, కోలన్ పక్కన కోలన్. నేర్చుకునే రోజుల్లో నేను వాటిని మరిచిపోతే 'పామయీమ్ నెకుదొతాయిమ్' లేదని ఎర్రర్ వచ్చింది. పామాయిల్ గురించి కంప్యూటర్ ఎందుకు అడుగుతోందో అర్థంకాక ఒక పూట గడిచింది. అది హీబ్రూ. రెండు కోలన్లు అని అర్థం. రాస్మస్ లెర్డార్ఫ్ తన సొంత పేజీ కోసం మొదలుపెట్టిన ఈ భాషని తరవాత తిరగరాసినవాళ్ళు జీవ్ సురాస్కీ, ఆండీ గుట్‌మన్స్ అనే ఇజ్రాయెల్ కుర్రాళ్ళు. వాళ్ళ ఇంటిమాట అలా మిగిలిపోయింది. పిన్నిగారికి చెబితే "మేం పప్పునూనె తప్ప వాడం" అన్నారు.

చట్టాలు కూడా మారుతుంటాయి. మన దగ్గర 1986 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణతో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకి వాటా వచ్చింది, 2005లో దేశం మొత్తానికీ వచ్చింది. పీహెచ్‌పీ వాళ్ళది ఎదురు దారి. ఫంక్షను లోపల పెట్టుకునే స్టాటిక్ వేరియబుల్ అని ఇంకో రకం ఉంది. ఆ ఫంక్షను వారసత్వంగా వచ్చిన పిల్లలకి 8.0 దాకా దాని నకలు ఎవరిది వాళ్ళకి ఉండేది. 2021 నవంబరులో 8.1 వచ్చి, ఫంక్షనుని తిరగరాసుకోని పిల్లలందర్నీ మళ్ళీ తండ్రితో ఉమ్మడిలో కలిపేసింది. విడిపోయిన అన్నదమ్ముల్ని కలిపిన చట్టం నేనింకెక్కడా చూడలేదు.

సాయంత్రానికి ఆవకాయ కేజీల్లో, గుడ్డ మీటర్లలో స్థిరపడ్డాయి. ఇదంతా నాన్నకి ఫోన్లో చెప్పాను. పూర్తిగా విని, "అయితే కొడుకులు విడివిడిగా పేరు రాయించుకుని, నాలుగు చుక్కలు పెడితే వాటాలు తేలిపోతాయన్నమాట. ఆ చుక్కలేవో తహసీల్దారు ఆఫీసులో కూడా పెట్టించరాదురా" అన్నారు.

తాతగారు పోయి పంతొమ్మిదేళ్ళయింది. పాసుపుస్తకం ఇంకా ఆయన పేరు మీదే ఉంది. ఈ ఏడు మిరప వేసింది బాబాయి.