తనంతట తెరుచుకున్న తలుపు

నన్ను కొన్నది 2012లో, మదురై టౌన్ హాల్ రోడ్డు పక్క సందులో. ఎనిమిది జీబీల పొట్ట, చిటికెన వేలంత ఒళ్ళు. కొన్న రోజే చెవికి ఎర్ర నూలుదారం కట్టి కడలో మేకుకు తగిలించారు. కడ అంటే దుకాణం. మా వాళ్ళు ఇంట్లో తెలుగే మాట్లాడతారుగానీ, మూడు మాటలకొక తమిళ మాట దొర్లకుండా ఉండదు. రాయడం, చదవడం మాత్రం తమిళమే. విశ్వనాథ నాయకుడి సేన వెంట ఈ ఊరికి వచ్చిన వంశమని తాత చెప్పేవాడు. తిరుమల నాయకుడు 1636లో కట్టించిన మహల్‌కు రెండు వీధుల అవతల, పెళ్ళి పత్రికలు అచ్చు వేసే కడ మాది.

నా పని మోత. పెళ్ళికొడుకు ఫొటో స్టూడియో నుంచి తేవాలి, తయారైన డిజైన్‌ను ప్లేటు తీసే చోటికి పట్టుకెళ్ళాలి, కరెంటు పోయిన రోజు బ్రౌజింగ్ సెంటర్‌కు పోవాలి. ఎవరు ఏది పెడితే అది మోసేవాణ్ణి. మంచీ చెడూ అడిగే నోరు నాకు లేదు.

మొదటి తప్పు అట్లాగే జరిగింది. ఒక సాయంత్రం బ్రౌజింగ్ సెంటర్‌లో ఐదు నిమిషాలు ఉండి వచ్చాను. వచ్చేటప్పుడు నా ఒంట్లో ఆటోరన్ అనే చిన్న ఫైలు ఒకటి, దాని వెనకాల దాక్కున్న వైరస్ ఒకటి. ఆటోరన్ పుట్టింది నిజానికి సౌకర్యం కోసం. సీడీ పెట్టగానే పాట దానంతటదే మొదలవ్వాలని పెట్టిన ఏర్పాటు. అదే ఏర్పాటు నాలాంటివాళ్ళకూ వర్తించింది. నన్ను గుచ్చగానే కంప్యూటరు నా దగ్గరున్న చీటీ చదివి, అందులో ఏది నడపమంటే అది నడిపేది. ఎవరు నువ్వు అని అడగలేదు. వాకిట్లో నిలబడ్డవాణ్ణి చూసి తలుపు దానంతటదే తెరుచుకుంటే అది ఇల్లా, సత్రమా?

మరుసటి రోజు నుంచి కడకు వచ్చిన ప్రతి పెన్ డ్రైవ్‌కూ అంటింది. జనం ఇంటికి పోయి చూసుకుంటే ఫోల్డర్లు మాయం, వాటి చోట షార్ట్‌కట్‌లు. ఫొటోలు నిజానికి ఎక్కడికీ పోలేదు, దాచిపెట్టబడ్డాయంతే. అది జనానికెట్లా తెలుస్తుంది? "ఆ కడకు పోతే వైరస్ తగులుతాది" అని వీధంతా చెప్పుకున్నారు. నాయన, అంటే తాత కొడుకు, కడ నడిపేది ఆయనే, నన్ను చెత్తబుట్టలో వేయబోయి, మూడువందలు పెట్టి కొన్నానని ఆగిపోయాడు. ఆ మూడువందలే నన్ను బతికించాయి.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. పెన్ డ్రైవ్‌ల విషయంలో ఆ ఆటోరన్ తలుపుకు గడియ పెట్టే సవరణను విండోస్ తయారుచేసినవాళ్ళు 2011 ఫిబ్రవరిలోనే పంపారు. మా కడకు అది రాలేదు. రానివ్వలేదు. మా కంప్యూటర్లో ఉన్నది ఎవరో వంద రూపాయలకు వేసిచ్చిన దొంగ కాపీ. అప్‌డేట్ చేస్తే నల్ల తెర మీద "ఇది అసలుది కాదు" అని పడుతుందని, వేసిచ్చినవాడే అప్‌డేట్లన్నీ ఆపేసి పోయాడు. డిజైన్ సాఫ్ట్‌వేర్‌దీ అదే కథ. దాని తాళం పగలగొట్టే 'క్రాక్' ఒకటి దించుకొచ్చారు, అది నడవాలంటే యాంటీవైరస్ ఆపమన్నారు, ఆపారు. దొంగసొత్తు ఉన్నవాడు పోలీసును పిలవలేడు. మా కడ సంగతి అక్షరాలా అదే.

నా జాతి చేసిన పనుల్లో ఇది చాలా చిన్నది. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే వైరస్ మావాళ్ళ భుజాల మీదెక్కే ఇరాన్ నతాంజ్ అణుకేంద్రంలోకి దిగింది. అక్కడి కంప్యూటర్లకు ఇంటర్నెట్ లేదు, అయినా లోపలికి పోయింది. ఫోల్డర్ తెరిచి అందులోని బొమ్మ గుర్తును చూస్తే చాలు, అంటుకునేది. అది ఎక్కువగా సోకిన దేశాల్లో మన దేశం కూడా ముందువరసలో ఉంది. తాళం వేసిన గదిలోకైనా మేం పోగలం. ఎవరో ఒకరు మమ్మల్ని జేబులో వేసుకుంటారు గనక.

రెండో దెబ్బ 2017 వైకాశిలో పడింది. ముహూర్తాల నెల. ఆ మే 12న వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లకు తాళాలు వేసి, తాళం తీయాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కట్టమంది. ఆంధ్రలో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లూ దాని వాతపడ్డాయి. మాకు తగిలింది అది కాదు. దాని వరసలోదే ఇంకొకటి, ఈమెయిల్లో బిల్లు వేషం వేసుకుని వచ్చింది. పదహారు పెళ్ళిళ్ళ డిజైన్లు తాళం పడ్డాయి. "బ్యాకప్ ఉండాది, పెన్ డ్రైవ్‌లో ఉండాది" అని నాయన ధీమాగా నా వైపు తిరిగాడు. నేను పొద్దుట్నుంచీ ఆ మెషీన్‌కే గుచ్చి ఉన్నాను. నా ఒంట్లో ఉన్నవి కూడా తాళం పడే ఉన్నాయి. దొంగ ఇంట్లోకి వచ్చినప్పుడు మారు తాళంచెవి గుమ్మానికే వేలాడుతుంటే ఏం లాభం! పదహారు పత్రికలూ మళ్ళీ కూర్చారు, రాత్రిళ్ళు మేలుకుని. ఒకదాంట్లో పెళ్ళికూతురి పేరు తప్పు పడింది.

మందు ఇంట్లోనే ఉంది, నాలుగేళ్ళుగా. అమ్మణ్ణికి, అంటే నాయన కూతురికి, ప్లస్ టూలో ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన లాప్‌టాప్‌లో రెండు వాకిళ్ళు ఉండేవి. ఆన్ చేయగానే విండోస్‌కా, బాస్ లినక్స్‌కా అని అడిగేది. బాస్ చెన్నైలోని సీ-డాక్ అనే ప్రభుత్వ సంస్థవాళ్ళు డెబియన్ అనే ఉచిత లినక్స్ మీద కట్టినది, 2007లో వచ్చింది. క్లాసులో అందరిలాగే ఈ పిల్లా రెండో వాకిలి తొక్కలేదు. ఇంజనీరింగ్‌లో చేరాకే అటు పోయి చూసింది.

ఆడి నెల వచ్చింది. ఆడిలో పెళ్ళిళ్ళు ఉండవు, కడ ఈగలు తోలుకుంటుంది. చదువు అప్పుడే పూర్తిచేసిన అమ్మణ్ణి డెబియన్ 9 దించింది. అది ఆ జూన్ 17నే విడుదలైంది. దాని ముద్దుపేరు స్ట్రెచ్, టాయ్ స్టోరీ సినిమాలోని రబ్బరు ఆక్టోపస్ పేరట. దించగానే నామీద ఎక్కించలేదు. దించిన ఫైలుకు 64 అక్షరాల వేలిముద్ర ఒకటి లెక్కగట్టి, డెబియన్‌వాళ్ళు ప్రకటించిన ముద్రతో సరిపోల్చింది. అంత చాదస్తం ఎందుకని నాయన విసుక్కున్నాడు. 2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ అనే ఇంకో లినక్స్ సైట్‌లోకి దొంగలు చొరబడి, దొడ్డిదారి పెట్టిన కాపీని అసలు కాపీ స్థానంలో అందించిన సంగతి ఆమె చెప్పింది. తర్వాత నా ఒంటి మీద ఉన్నదంతా తుడిచేసి డెబియన్‌ను ఎక్కించింది. ఐదేళ్ళలో నేను శుభ్రంగా ఉన్నది ఆ పూటే.

"ఏమ్మా అమ్మణ్ణి, దుడ్లు లేకుండా ఇస్తా ఉండారా? ఊరకే ఇచ్చేదాన్ని నమ్మేదెట్లా?" అన్నాడు తాత.

"ఇన్నాళ్ళూ ఊరకే తీసుకున్నది మనమే తాతా, అడగకుండా. వీళ్ళు తీసుకోమని చెప్పి ఇస్తా ఉండారు. లోపల ఏముండాదో చూసుకోమని కూడా చెప్తా ఉండారు."

తాత దానికి బదులు చెప్పలేదు. తెరమీద భాషల జాబితా వచ్చింది. తమిళం కిందనే తెలుగు. "ఇది మన అక్షరం తాతా" అంది అమ్మణ్ణి. అద్దాలు సరిచేసుకుని, తెరకు మూరెడు దూరంలో మొహం పెట్టి చాలాసేపు చూశాడు. ఎనభై ఏళ్ళుగా మాట్లాడుతున్న భాష ఎట్లా ఉంటుందో చూడడం అదే మొదలు. తర్వాత "తమిళమే పెట్టు, కడ జరగాల గదా" అన్నాడు.

అంతా సుఖాంతం అనుకోకండి. పాత ఫైళ్ళలో ఉన్నవి యూనికోడ్‌కు ముందటి తమిళ ఫాంట్లు, డెబియన్ వేసిన మెషీన్‌లో తెరిస్తే పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు. ఇంక్‌స్కేప్ అనే ఉచిత డిజైన్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి డిజైన్ వేసే పిల్లవాడికి రెండు నెలలు పట్టింది, అందులో నెలన్నర సణుగుడే. చివరికి నాయన మధ్యేమార్గం తీశాడు. విండోస్ ఉన్న పాత మెషీన్‌కు ఇంటర్నెట్ తీగ పీకేసి లోపలి గదిలో పెట్టారు. డెబియన్ వాకిట్లో ఉంది. ఈమెయిలు, బయటి పెన్ డ్రైవ్‌లు అన్నీ దానికే. విండోస్ కోసం రాసిన వైరస్ ఫైలు దానిలో రాయిలా పడి ఉంటుంది. ఏదైనా కొత్తది వేయాలంటే పాస్‌వర్డ్ అడుగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, అప్‌డేట్ వస్తే భయపడే అవసరం ఎవరికీ లేదు. 2023 ఆగస్టులో రక్షణ శాఖ కూడా ఇంటర్నెట్‌కు తగిలించిన తన కంప్యూటర్లకు ఉబుంటు అనే లినక్స్ మీద కట్టిన 'మాయ'ను ఎంచుకుందని పేపర్లో వచ్చినప్పుడు, దిల్లీవాళ్ళకు ఆలస్యంగా బుద్ధొచ్చిందన్నట్టు నాయన ఆ పేపరు మడిచి డెబియన్ మెషీన్ మీద పెట్టాడు.

ఈ ఇంట్లోకీ దొంగలు రావచ్చు. 2024 మార్చిలో లినక్స్‌లలో వాడే ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌లో దొడ్డిదారి బయటపడింది. పెట్టినవాడు రెండేళ్ళకు పైగా మంచివాడిగా పనిచేసి నమ్మకం సంపాదించాడు. పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్, విండోస్ తయారుచేసే మైక్రోసాఫ్ట్‌లోనే ఇంజనీరు. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమని అనుమానపడి తవ్వుకుంటూ పోయాడు. తవ్వడానికి లోపలంతా తెరిచి ఉంది గనక పోగలిగాడు. డెబియన్ స్థిర కూర్పుల దాకా అది రాకముందే దొరికింది. ఇప్పుడు చెన్నైలో ఉద్యోగం చేస్తున్న అమ్మణ్ణి ఆ రాత్రి ఫోన్ చేసి, "నాయనా, అప్‌డేట్ వచ్చిందేమో చూడు" అంది. ఆయన అప్పటికే చూసుకున్నాడు.

నేనింకా ఆ మేకుకే ఉన్నాను. దారం రెండుసార్లు మారింది. బ్యాకప్ అయిన వెంటనే నన్ను పీకి మేకుకు తగిలించడం ఇప్పుడు కడ నియమం. ముహూర్తం దగ్గరపడి మీరు పత్రిక కోసం మా కడకు వస్తే, మీ పెన్ డ్రైవ్‌ను ముందు వాకిట్లో మెషీన్‌లోనే పెడతారు, రెండు నిమిషాలు నిలబెడతారు. కోపగించుకోకండి. కూర్చోడానికి బల్ల ఉంది.