‘రోంత జరగప్పా’: టీకా తాత్పర్య సహితం

మూలం:

“రోంత జరగప్పా, నా బొమ్మకు ఎలుతురు పడల్యా.”

అవతారిక: ఇది పద్యం కాదు. యతి లేదు, ప్రాస లేదు, గణాలు కుదరవు. అనంతపురం మెట్టసీమలో ఒక ఊరి రచ్చకట్ట దగ్గర, తోలుబొమ్మలాట మధ్యలో, తెర వెనక పుట్టిన వాక్యం. కర్త తోలుబొమ్మలవాళ్ళ ఊరు నిమ్మలకుంట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మల్లినాథసూరి మాట ఇచ్చాడు. మేము ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు గనుక నిర్భయంగా సాగుతాం.

ప్రతిపదార్థం:

రోంత = కొంచెం. దీన్ని ‘రవ్వంత’ అని దిద్దబోయే పండితులు కలం కింద పెట్టగలరు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ ఇది. “రోంత వాన పడింటే శెనక్కాయ నిలిచేది” అని ఏటా అనుకునే చోట, కొంచెం అనేది చిన్న కొలత కాదు.

జరగప్పా = పక్కకు తప్పుకో నాయనా. ఇక్కడ తండ్రీ అప్పే, కొడుకూ అప్పే, బస్సు కండక్టరూ అప్పే. కాబట్టి ఎదుటివాడి వయసు ఈ పదం వల్ల తేలదు. జరగడం విషయానికొస్తే, 2022లో నిమ్మలకుంట కూడా ఉన్నచోటనే ఉండి అనంతపురం జిల్లాలోంచి శ్రీసత్యసాయి జిల్లాలోకి జరిగింది. ఆ అర్థం ఇక్కడ పొసగదు.

నా = ఇక్కడ ఆగాలి. ఈ ఒక్క అక్షరం కోసమే ఇంత వ్యాఖ్య.

బొమ్మ ఎవరిది? తోలు మేకది. దాన్ని వేడినీళ్ళతో శుభ్రం చేసి, లాగికట్టి ఆరబెట్టి, వెలుతురు దూరేటట్టు చేసిన చేతులు ఎవరివో. గీత ఒకరిది, రంగు ఒకరిది, ఉలిదెబ్బ ఒకరిది. కథ వ్యాసుడిదో వాల్మీకిదో. పక్కన పాట అందుకునే గొంతు ఇంటి ఆడవాళ్ళది. యుద్ధం వచ్చినప్పుడు ధనధనమనే చప్పుడు కాళ్ళ కింది చెక్కలది. ఇంతమంది ఉండగా ‘నా’ అనడం అహంకారం కాదా అని పూర్వపక్షం.

కాదనం, అహంకారమే. అయితే ఎట్లాంటిది? ఈ మనిషిని తెల్లవార్లూ ఎవరూ చూడరు. జనం రావణుణ్ణి చూస్తారు, జుట్టుపోలిగాణ్ణి చూసి నవ్వుతారు, బంగారక్క తిట్లకు చెవులు రిక్కిస్తారు. ఆడించినవాడు తెరకు అవతల ఒట్టి చెమట. వానలు రాకపోతే ఊళ్ళవాళ్ళు విరాటపర్వం పెట్టించేవాళ్ళు గదా, ఆ కథ ఏమిటి? పేర్లు దాచుకున్నవాళ్ళ కథ. అంత గొప్ప విలుకాడు ఆడవేషం కట్టి ఆట నేర్పుకుంటూ ఏడాది గడిపాడు. ఆడించేవాడిది మాత్రం ఏడాదితో తీరే అజ్ఞాతవాసం కాదు. 2020లో తోలుబొమ్మల కళాకారులు దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చింది, సంతోషం. తెర దాటి ఇవతలికి వచ్చిన పేర్లు ఎన్ని? అదే సీమలో లేపాక్షికి పోయి తల ఎత్తి చూడండి. గుడి కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణ కప్పు మీద పరివారంతో నిలబడి ఉన్నారు. వాళ్ళను గీసినవాళ్ళ పేర్లు మనదాకా రాలేదు. కనుక ‘నా’ అంటే పేరు కోరడం కాదు. చేతిలో ఉన్నంతసేపు ఆ బరువు నాది అనడం.

వ్యాఖ్యాత అహంకారం వేరే జాతిది, దాచుకోవడం ఎందుకు. మేమూ బొమ్మలు గీస్తాం. నలుగురు కలిసి పెట్టుకున్న ఒక ప్రదర్శనలో ట్యూబ్‌లైటు కింది గోడ కోసం ఇద్దరు స్నేహితులతో నెలన్నర మాట్లాడలేదు. గోడ మాకే దక్కింది. ఆ సాయంత్రం కరెంటు పోయింది.

బొమ్మకు = తోలుతో చేసినదానికి. ఒక రహస్యం చెప్పాలి. ఈ బొమ్మకు నగలు రంగుతో రావు, చిల్లుతో వస్తాయి. ఉలితో తోలు ఎంత తీసేస్తే సీతమ్మకు అన్ని ముత్యాలు. ఊహ అనేది ఎక్కడ ఉంటుందని మమ్మల్ని అడిగితే ఆ చిల్లులు చూపిస్తాం. కుంచె పట్టినవాళ్ళకు ఇది ఆలస్యంగా తెలుస్తుంది, మేము నింపడమే నేర్చుకున్నాం గనుక.

ఎలుతురు = వెలుతురు. ఒకప్పుడు ఆముదం దీపాలది, తర్వాత బల్బులది. ఇప్పుడు అదే తోలు ల్యాంప్‌షేడై పట్నం ఇళ్ళలో వేలాడుతోంది. దీపం బొమ్మ వెనక నుంచి దాని కడుపులోకి పోయింది.

పడల్యా = పడలేదు. ఇందులో ఫిర్యాదు ఉంది, తిట్టు లేదు.

విశేషం: ఈ వాక్యం తెలుగులో ఎందుకు ఉంది? మేళంవాళ్ళు ఆరె కులస్థులు, ఇంట్లో మాట మరాఠీ. తెర ముందుకే తెలుగు. సొంతవాడు అడ్డం నిలిస్తే ఇంటిభాషలోనే కసిరి ఉండాలి. కాబట్టి దీపానికి అడ్డం నిలిచినవాడు మేళంవాడు కాడు. ఆట ముందునుంచి చూసి చాలక, ఇదంతా ఎట్లా జరుగుతోందో చూద్దామని తెర వెనక్కి దూరిన ఊరిపిల్లోడు ఎవడో. వాడి పేరు వ్యాఖ్యాతకు బాగా తెలుసు.

తాత్పర్యం: ఓ బాలకా, నీ నీడ రావణుడి పది తలల్లో నాలుగింటి మీద పడుతోంది.

వాడు జరిగినాడు. పొమ్మంటారేమోనని ఓ మూల నక్కినాడు. అప్పుడు కర్త తల తిప్పకుండానే అన్న ఉత్తరార్ధం ఒకటుంది. బొమ్మను తెరకు గుచ్చి నిలబెట్టడానికి వాళ్ళు ముళ్ళు వాడతారని తెలిస్తే దీనికి వేరే టీక అక్కర్లేదు:

“నిలబడేది ఎట్లా నిలబడితివి, ఆ ముల్లు ఇట్ల అందీ.”