ముప్పైమూడేళ్ల ముసలాయన

సివిల్స్ రాయాలంటే జనరల్ అభ్యర్థికి 32 దాటకూడదు. దరఖాస్తులో పుట్టిన తేదీ కొట్టగానే సంగతి తేలిపోతుంది: 33 ఏళ్లవాడు కలెక్టరు పని నేర్చుకోలేనంత పండు ముసలి! అదే మనిషి ఆ కలెక్టరును నిలబెట్టి అడిగే మంత్రి కావాలనుకుంటే 25 నిండాయా అని చూస్తారే తప్ప పైహద్దు అడిగే నాథుడు లేడు. ఎన్టీఆర్ 1982 మార్చిలో పార్టీ పెట్టేనాటికి 58 దాటారు, మరుసటి జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. 59 ఏళ్ల ఆ కొత్త ఉద్యోగి తొలినాళ్లలోనే చేసిన పని, సర్కారీ ఉద్యోగుల రిటైర్మెంట్ వయసును 58 నుంచి 55కు దించడం. ఆయనంటే సినిమా దేవుడు, గుమాస్తాకు ఆ లెక్క వర్తించదంటారా? ఓటర్లు ఓటేసింది పుట్టిన తేదీకి కాదు కదా.

ఉద్యోగాల్లో చేరడానికి ఈ వయసు హద్దు ఎత్తేస్తే కుర్రాళ్ల నోటి దగ్గర కూడు లాక్కున్నట్టవుతుందన్నది పెద్ద అభ్యంతరం. 1983లో రిటైర్మెంట్ వయసు దించినప్పుడూ ఇదే సాకు. మరి కుర్చీలో ఉన్నవాళ్లకు తెలంగాణ 61 దాకా, ఆంధ్రప్రదేశ్ 62 దాకా పొడిగించినప్పుడు ఆ కుర్రాళ్లు ఎక్కడికి పోయారు? పైగా పెద్దవాడేమీ ప్రత్యేక సీటు అడగట్లేదు, అదే హాల్లో అదే ప్రశ్నపత్రం రాస్తానంటున్నాడు. శిక్షణ ఖర్చు గిట్టదన్న వాదన మరీ వింత. 33లో చేరినా 60 దాకా 27 ఏళ్ల సర్వీసు. మంత్రిగారికి ఐదేళ్లకే దిక్కులేదు, శిక్షణ అసలే లేదు.